పురుగులింటి క్యాలెండర్

గుడుపల్లె, కుప్పం దగ్గర
జూన్ 4

అర్షీ,

చేతిలో ఫోన్ పెట్టుకుని ఉత్తరం రాస్తోందేమిటని నవ్వుకుంటావు. నవ్వుకో. పోయిన నెల నువ్వు నాతో అరగంట ఫోన్‌లో మాట్లాడావట, మా ఆయన నరేంద్ర చెప్పాడు. నాకు ఒక్క ముక్క గుర్తులేదు. ఆ రోజు పొద్దున నాకు ఫిట్స్ వచ్చింది. వచ్చిన రోజు ఎవరేం చెప్పినా నా దగ్గర నిలవదు. కాగితం మీద ఉంటే మళ్ళీ చదువుకుంటాను. అందుకే నువ్వు కూడా రాయి, ఫోన్ చెయ్యకు.

అవును, మళ్ళీ మొదలైంది. పుంగనూరు హాస్టల్లో ఎనిమిదో తరగతిలో నేను పడిపోతే, వార్డెనమ్మ నా పళ్ళ మధ్య పెట్టబోయిన చెంచా లాగి అవతల పడేశావు చూడు, అదే జబ్బు. పెళ్ళికి ముందే ఈ ఇంట్లో చెప్పాం, దాచిందేమీ లేదు. పెళ్ళయ్యాక రెండేళ్ళు ఒక్కసారి కూడా రాలేదు. పోయిందనుకున్నాను. ఫిబ్రవరి నుంచి మొన్నటికి ఐదుసార్లు వచ్చింది.

మాత్ర మానలేదు అర్షీ. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. దేవుడికి దీపం మర్చిపోయిన రోజులున్నాయి గానీ మాత్ర మర్చిపోయిన రోజు లేదు. మరి ఎందుకొస్తోందో తెలియక భయంగా ఉంది. మొన్న మల్బరీ కొమ్మలు కోస్తుంటే వచ్చింది. తెలివొచ్చి చూస్తే కొడవలి నా చెంపకు జానెడు దూరంలో ఉంది. మా అత్త శారదమ్మ నా తల ఒళ్ళో పెట్టుకుని ఒకటే మాట, "మాత్ర ఏసుకుంటాండావు గదా, మరి యాల వస్తాంది?" అని. నాకు కోపం వచ్చింది. నేను ఎవరిని అడగాలి ఆ మాట?

నరేంద్ర గ్రానైట్ ఫ్యాక్టరీకి పోతే పగలంతా నేనూ అత్తా పట్టుపురుగులూ. ఏ పని చేస్తున్నా, ఇప్పుడొస్తుందా, ఇంకాసేపటికా అని నన్ను నేను చూసుకుంటూ ఉంటాను. స్నానాల గదికి గడియ పెట్టుకోను. బావి వైపు పోవడం మానేశాను. నువ్వు నరాల డాక్టర్ దగ్గర నర్సువి కదా, అడిగి చెప్పు. నిజం చెప్పు.

సుష్మ

*

మదనపల్లె
జూన్ 12

సుషీ,

నీ ఉత్తరం మందుల ట్రాలీ పక్కన నిలబడి చదివాను. పేషెంట్లు నా మొహం చూసి వాళ్ళకేమైనా అయిందేమోనని కంగారుపడ్డారు.

మా డాక్టర్ రామచంద్ర గారికి చెప్పాను. మాత్ర ఎంత, నిద్ర ఎంత అని అడుగుతారనుకున్నాను. ఆయన మొదట అడిగింది, "ఆ ఐదు తేదీలు ఏవి? ఆ అమ్మాయి నెలసరి తేదీలు ఏవి?" అని.

ఆయన చెప్పింది నాకర్థమైనట్టు రాస్తాను. మన ఒంట్లో రెండు హార్మోన్లు నెలంతా పెరుగుతూ తగ్గుతూ ఉంటాయి. ఈస్ట్రోజన్ మెదడును రేపుతుంది. ప్రొజెస్టిరాన్ దాన్ని నెమ్మదిపరుస్తుంది. మామూలు మనిషికి ఆ ఎగుడుదిగుళ్ళు తెలియవు, మహా అయితే చిరాకు, తలనొప్పి. మూర్ఛ ఉన్న మెదడుకు తెలుస్తాయి. నెలసరికి ముందు ప్రొజెస్టిరాన్ గబగబా దిగిపోతుంది. ఆ రెండు మూడు రోజులు మెదడుకు కాపలా తక్కువ. రోజూ వేసుకునే మాత్ర చాలకపోవచ్చు. అందరికీ ఇలా జరగదు, కొందరికి జరుగుతుంది. నీకు ఇదేనో కాదో తేదీలు పక్కపక్కన పెడితేగానీ చెప్పలేమన్నారు.

కాబట్టి తేదీలు పంపు. ఈలోపు మీ అత్తకూ నరేంద్రకూ చెప్పు. వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నోట్లో ఏమీ పెట్టకూడదు, చేతిలో తాళాలు పెట్టకూడదు. గడియారం చూడాలి. ఐదు నిమిషాలు దాటినా, ఒకటి వచ్చి తెలివి రాకముందే ఇంకోటి వచ్చినా ఆస్పత్రికి తీసుకుపోవాలి, ఎవరి కోసమూ ఆగకూడదు.

అర్షియా

*

గుడుపల్లె
జూన్ 26

అర్షీ,

తేదీలు గుర్తులేవు. కోప్పడకు. ఫిట్స్ వచ్చాక నాకు ముందు రోజు కూడా చెరిగిపోతుంది. నెలసరి తేదీలు ఎప్పుడూ రాసుకోలేదు, వచ్చినప్పుడు వచ్చింది, పోయినప్పుడు పోయింది.

నీ ఉత్తరం అత్తకు చదివి వినిపించాను, నెలసరి సంగతి తప్ప. పక్కకు తిప్పడం తలదిండు మీద చేసి చూపించింది. బాగానే నేర్చుకుంది.

ఆ ఒక్క సంగతి ఎందుకు దాటేశానో చెబుతాను. ఇక్కడ నెలసరి రోజుల్లో ఆడవాళ్ళు పురుగులింట్లోకి పోకూడదు. పోతే పురుగులకు రోగం తగులుతుందని భయం. అత్త గొంతు పెంచి చెప్పదు. "ఈ మూడు దినాలు బయటుండమ్మా, సున్నితమైన పురుగులు" అంటుంది, అంతే. లోపలికి పోయేముందు కాళ్ళు బ్లీచింగ్ నీళ్ళలో ముంచుతాం, ఆమెకు ఇదీ అలాంటిదే. నేను వాకిట్లో కూర్చుని కొమ్మలు కట్టలు కడుతుంటాను. లోపల ఆమె మోకాళ్ళ నొప్పితో అరలన్నిటికీ ఒక్కతే మేత వేస్తుంటుంది. ఆ మూలుగు బయటికి వినిపిస్తుంది.

పట్టుపురుగు నాలుగుసార్లు మేత మాని, కదలకుండా కూర్చుని, పాత చర్మం విడుస్తుంది. దాన్ని మేము జ్వరం అంటాం. నాలుగో జ్వరం లేచాక వారం రోజులు వాటి ఆకలికి అంతుండదు. ఒక్క పూట మేత తప్పినా గూడు పలచగా కడతాయి. ఇప్పుడు ఆ వారమే నడుస్తోంది. నా రోజులు కూడా దగ్గరికొచ్చాయి. దానికి ఒక దారి చూసుకున్నాను, నువ్వు బెంగపడకు.

సుష్మ

*

మదనపల్లె
జూలై 4

సుషీ,

దారి అంటే ఏం దారి? నువ్వు బెంగపడకు అన్న ప్రతిసారీ ఏదో ఒకటి దాస్తావు. హాస్టల్లో నూట రెండు జ్వరం దాచిపెట్టి లెక్కల పరీక్ష రాసిన మనిషివి.

ఒక్కసారి ఇక్కడికి రా. వి.కోట మీదుగా పలమనేరుకి ఒక బస్సు, అక్కడి నుంచి పుంగనూరు మీదుగా మదనపల్లెకి ఇంకో బస్సు. పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి డాక్టర్ ముందుంటావు. పురుగులు రెండు రోజులు నువ్వు లేకపోతే అలుగుతాయా?

ఇది తేలిగ్గా తీసుకోకు. మా దగ్గరికి వచ్చే ఒక అమ్మాయి, నీ వయసే, పోయిన వారం

ఏం రాయబోయానో మర్చిపోయాను, మధ్యలో ఎవరో పిలిచారు. తేదీలు పంపు. తేదీలు లేకపోతే నువ్వే రా.

అర్షియా

*

గుడుపల్లె
జూలై 19

అర్షీ,

ఎనిమిదో తేదీన ఒకే రోజు రెండుసార్లు వచ్చింది. రెంటి మధ్య గంట కూడా లేదట. ఇలా ఎప్పుడూ కాలేదు. నాలుక కొరుక్కున్నాను, ఇప్పటికీ కారం తినలేకపోతున్నాను. మొదటిదాని తరువాత తెలివొచ్చాక, తన పేరేమిటని అత్త అడిగితే చెప్పలేకపోయానట. ఆమె వంటింట్లోకి పోయి ఏడ్చిందని నరేంద్ర అన్నాడు.

పంట మాత్రం బాగా వచ్చింది. గూళ్ళు గట్టిగా ఉన్నాయి.

మదనపల్లె వస్తాను, వచ్చే పంట దిగాక. ఇప్పుడే కొత్త పురుగులు రాబోతున్నాయి. దారి సంగతి అడగకు.

ఒకటి చెప్పు. నువ్వు ఏం రాయబోయావో మర్చిపోయే మనిషివి కాదు. ఆ అమ్మాయికి ఏమైంది?

సుష్మ

*

మదనపల్లె
జూలై 27

సుషీ,

ఆ అమ్మాయికి ఏమీ కాలేదు. మందు మార్చారు, ఇంటికి పోయింది. నువ్వు నీ సంగతి చూసుకో.

ఒకే రోజు రెండుసార్లు రావడం మంచిది కాదు. పంట దిగేదాకా ఆగకు. చేతులు జోడించి అడుగుతున్నాను.

అర్షియా

*

గుడుపల్లె
ఆగస్టు 18

అర్షియమ్మకు సుష్మ అత్త శారదమ్మ రాసేది.

సుష్మ బతికే ఉండాది. ముందు ఆ మాట రాసి మిగతాది రాస్తాండాను. నేను అయిదో క్లాసు దాకా సదివినాను, తప్పులుంటే సర్దుకో తల్లీ. నీ అడ్రసు సుష్మ పెట్టెలో నీ జాబుల మింద దొరికింది. జాబులు సదివినాను. అది తప్పే, ఏమనుకోవద్దు.

పోయిన మంగళవారం పొద్దున వచ్చింది. పండిన పురుగుల్ని గూళ్ళు కట్టేదానికి చంద్రికల మిందికి ఎక్కించి ఒగ దినం అయింది. వాకిట్లో పళ్ళు తోముకుంటా పడిపోయింది. నువ్వు రాసినట్లే పక్కకు తిప్పినాను. ఆగింది. తెలివి రాకముందే ఇంగోటి వచ్చింది. మల్లా ఇంగోటి. నువ్వు ఆగొద్దని రాసింటివి గదా, నరేంద్ర కోసం ఆగలేదు. పక్కింటి దాసప్ప ఆటోలో ఏసుకోని కుప్పం ఆస్పత్రికి పోతిమి. దోవంతా నేను ఆ బిడ్డ ముక్కు కింద ఏలు పెట్టి గాలి వస్తాందా లేదా అని సూసుకుంటా పోయినాను. సూదులేసినారు. రెండు దినాలు కండ్లు తెరవలేదు. ఆ రెండు దినాలు నాకు ఎట్ల జరిగినాయో నేను రాయలేను.

ఆడ డాక్టరు అడిగినాడు, ముట్టు ఎప్పుడొచ్చిందమ్మా, పోయిన తూరి ఎప్పుడు అని. నరేంద్రకు తెలీదు. నాకు తెలుసు.

పురుగులింట్లో గోడకు క్యాలెండరు ఉండాది. దాంట్లో నేను అన్నీ గుర్తు పెట్టుకుంటాను. పురుగులు వచ్చిన దినం, జ్వరానికి కూసున్న దినం, లేసిన దినం. సుష్మ లోపలికి రాని దినాలకు సున్నా సుడతాను. ఆ దినాలు నాకు ఒగ చెయ్యి తక్కువ, కూలామెను పిల్సుకోవాల, అందుకని. ఆమెకు ఫిట్సు వచ్చిన దినం అడ్డగీత పెడతాను, ఆ పొద్దు మేత ఆలస్యం అయింటాది, అందుకని. నా లెక్క పురుగుల లెక్క. దాంట్లో ఆ బిడ్డ లెక్క ఉండాదని నాకు తెలీదు.

క్యాలెండరు పెరికి ఆస్పత్రికి ఎత్తకపోయినాను. ఫిబ్రవరి నుంచి జూన్ మొదలు దాకా ఐదు అడ్డగీతలు. ఐదుకు ఐదు సున్నాల పక్కనే ఉండాయి, ఒగ దినం ముందరో, ఆ దినమో. ఆ డాక్టరు శానా సేపు సూసినాడు. ఇంగొకటి గూడా సూపించినాడు. జూన్ కడాకు రావాల్సిన సున్నాలు తొమ్మిది దినాలు ఆలస్యంగా వచ్చినాయి, ఆడ రెండు గీతలు. ఆగస్టు మొదట్లో రావాల్సినవి రానేలేదు, దాని తరవాత ఈ మూడు గీతలు. ఆ రెండు తూర్లూ పురుగులు నాలుగో జ్వరం లేసి మేత మిందుండే దినాలే.

ఇంటికొచ్చి ఎతికినాను. ఆకు కోసే సంచిలో మాత్రల అట్ట దొరికింది. మెడికల్ షాపాయనకు సూపిస్తే, గుడికీ పెండ్లికీ పొయ్యేటప్పుడు ముట్టు వాయిదా ఏసేదానికి ఆడోళ్ళు మింగే మాత్ర అన్న్యాడు. ఆ అట్టా, నరేంద్ర తీసిన క్యాలెండరు ఫోటోలూ దీంతో పంపిస్తాండాను.

నేను ఆ బిడ్డను ఏసుకోమనలేదు అర్షియమ్మా. నాకు తెలీను గూడా తెలీదు. కానీ లోపలికి రావద్దన్నది నేనే. మోకాళ్ళు పట్టుకోని మూలిగిందీ నేనే. ఆ వారం ఆమె లోపలికి వస్తాంటే, దినాలు ఏమైనాయి అని నేను అడగల్యా. చెయ్యి ఉండాది గదా అని సంతోషపడినాను.

సుష్మను వాళ్ళమ్మ పుంగనూరుకు పిల్సకపోయింది. నువ్వు పొయ్యి సూడు.

శారదమ్మ

*

పుంగనూరు
ఆగస్టు 29

అర్షీ,

నువ్వు వచ్చి పోయావని అమ్మ చెప్పింది. నా చెయ్యి పట్టుకుని కూర్చున్నావట. నాకు నీ దుప్పట్టా రంగు ఒక్కటే గుర్తుంది, పచ్చది. ఏం మాట్లాడావో లేదు. రాయి.

మాత్రల సంగతి నీకు తెలిసిపోయింది. రెండు పంటలకు వేసుకున్నాను. కుప్పం బజారులో అడిగితే ఇచ్చారు, నాకు ఫిట్స్ ఉందని వాళ్ళు అడగలేదు, నేను చెప్పలేదు. రావలసిన రోజుకి మూడు రోజుల ముందు నుంచి, పురుగులు చంద్రికలెక్కేదాకా. అత్త ఒక్కతే లోపల కష్టపడుతుంటే నేను వాకిట్లో కూర్చోలేకపోయాను. అంతేకాదు, నిజం చెబుతాను. నువ్వు ఫిట్స్ నెలసరికి ముందు వస్తాయని రాశావు కదా. నెలసరే రాకుండా చేస్తే ఫిట్స్ కూడా రావనుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. జూలైలో రెండుసార్లు వచ్చాక కూడా, మాత్ర ఆపినందుకే వచ్చింది, ఈసారి ఇంకో నాలుగు రోజులు ఎక్కువ వేసుకుందామనుకున్నాను.

ఇప్పుడు నాకు ప్రతిదీ భయమే. కళ్ళు మూసుకోవాలంటే భయం. అమ్మ పొయ్యి దగ్గరికి రానివ్వదు, మేడ ఎక్కనివ్వదు. వచ్చే నెల పదో తేదీకి, అంటే సెప్టెంబరు పదికి, నెలసరి మళ్ళీ రావాలి. రోజులు లెక్కపెట్టుకుంటున్నాను. ముందు తెలియక భయపడ్డాను, ఇప్పుడు తెలిసి భయపడుతున్నాను. ఏది మేలో నాకు తెలియడం లేదు.

అత్త నుంచి కబురు లేదు. నేను అబద్ధం ఆడి మాత్రలు మింగి ఆమె పురుగులింట్లో తిరిగాను. ఆమె మళ్ళీ రమ్మంటుందా?

సుష్మ

*

మదనపల్లె
సెప్టెంబరు 4

సుషీ,

నీ చెంప పగలగొట్టాలని ఉంది. తరువాత నీ పక్కన కూర్చుని ఏడవాలని ఉంది. ఆ రోజు నీతో మాట్లాడిందేమీ లేదులే, రెండోది ఒక్కటే చేశాను.

మీ అత్త పంపిన అట్ట, క్యాలెండరు ఫోటోలు డాక్టర్ గారికి చూపించాను. ఆయన అన్నది రాస్తాను, భద్రంగా పెట్టుకో. ఆ మాత్రలో ఉన్నది ప్రొజెస్టిరాన్‌కు నకలు. నెలసరిని ఆపుతుంది. కానీ ఒంట్లో పుట్టే ప్రొజెస్టిరాన్ మెదడుకు ఇచ్చే నెమ్మది దాని నుంచి దొరకదు. పైగా అది వేసుకున్నన్నాళ్ళూ అసలుది పుట్టడం తగ్గిపోవచ్చు. ఆపగానే అదీ లేదు, ఇదీ లేదు. మూడుసార్లు వరసగా రావడానికి అదే కారణమని ఆయన గట్టిగా చెప్పలేదు, అనుమానం మాత్రం బలంగా ఉందన్నారు. ఇక దాని జోలికి పోకు. నీ రోజూ మాత్రకు తోడు, నెలసరికి ముందు నుంచి కొన్ని రోజులు ఇంకో మాత్ర రాస్తానన్నారు. దానికి తేదీలు ఖచ్చితంగా తెలియాలి. ఆ రోజుల్లో నిన్ను ఒక్కదాన్నే వదలకూడదు. ఎనిమిదిన వచ్చి చూపించుకో, నేను బస్టాండులో ఉంటాను.

ఇప్పుడు నా అబద్ధం. ఆ అమ్మాయి పేరు మెహ్‌నాజ్. కలకడ వాళ్ళు. ఫిట్స్ వచ్చిందో లేదో కూడా ఎవరూ చూడలేదు. తెల్లారి తల్లి టీ తీసుకుని లేపబోతే లేవలేదు. ఇలా జరగడం అరుదు, చాలా అరుదు, కానీ జరుగుతుంది, ఫిట్స్ అదుపులో లేనివాళ్ళకు ఎక్కువ. నీకు చెబితే నిద్ర పోవని దాచాను. నేను ఆ ఒక్క వాక్యం పూర్తి చేసి ఉంటే ఆ రెండో అట్ట నువ్వు కొనేదానివి కాదేమో. నువ్వు భయపడకూడదని నేనూ, నేను బెంగపడకూడదని నువ్వూ. మనిద్దరం కలిసి నిన్ను చంపబోయాం.

ఇక నుంచి భయమైతే భయమని రాద్దాం. నాకు భయంగా ఉంది సుషీ.

అర్షియా

*

గుడుపల్లె
అక్టోబరు 7

అర్షీ,

అవును, గుడుపల్లె నుంచే. అత్త పోయిన వారం తానే బస్సెక్కి పుంగనూరు వచ్చింది. వచ్చి మా అమ్మ ముందు ఒక్క మాట కూడా సంజాయిషీ చెప్పలేదు. నా సంచి సర్దింది. నేను, "అత్తా, నా దినాలు ఎనిమిదిన. పురుగులు అప్పుడు నాలుగో జ్వరం లేచి ఉంటాయి కదా" అన్నాను. ఆమె దుప్పటి మడత పెడుతూ, "నిన్ను ఒగదాన్నే వదలగూడదంట. పురుగుల్ని గూడా వదలగూడదు. నాకుండేది రెండు కండ్లు. ఇద్దర్నీ ఒగ సోట పెట్టుకోవాల గదా" అంది.

సెప్టెంబరులో ఒకటి వచ్చింది, చిన్నది, అమ్మ చూసింది. డాక్టర్ రాసిన రెండో మాత్ర ఈసారి లెక్క ప్రకారం మొదలుపెట్టాను. మగతగా ఉంటోంది.

అత్తకు భయం పోయిందనుకోకు. ఇవాళ పొద్దున నేను గడప దాటుతుంటే ఆమె పెదాలు కదిలాయి, దేవుణ్ణి తలుచుకుంది. నా కోసమో పురుగుల కోసమో అడగలేదు. గోడ పక్కన చాప వేసింది. మూలలు గుచ్చుకుంటాయని ఇనుప అరలకు పాత గోనెసంచులు కట్టింది. నేను చాప మీద కూర్చుని ఇది రాస్తున్నాను. పురుగులు ఆకు తినే చప్పుడు తప్ప ఏమీ లేదు. రేపు ఇరవై ఎనిమిదో రోజు. నువ్వన్నట్టే రాస్తున్నాను, భయంగా ఉంది. ఇవి చచ్చిపోతే నా వల్లేనని ఆమె అనుకుంటుందని భయం. నేను చచ్చిపోతే తన వల్లేనని ఆమె అనుకుంటుందని ఇంకా భయం.

ఇది ఇవాళ పోస్టులో వెయ్యను. తొమ్మిది దాటాక మిగతాది రాసి పంపుతాను.

*

అర్షియమ్మా, మిగతాది శారదమ్మ రాస్తాండాది. సుష్మ పండుకోనుండాది, ఊపిరి బాగా ఆడతాంది, ఇప్పుడే సూసి వచ్చినాను.

ఎనిమిదో తేదీ పొద్దున ముట్టు అయింది. నాకు చెప్పి, నా మొగం సూసింది. మేత ఏద్దాం రా అన్న్యాను. పదకొండుకు ఫిట్సు వచ్చింది. పురుగుల అరల నడాన పడింది, చేతిలో ఆకు చేతిలోనే ఉండాది. పక్కకు తిప్పినాను. ఫోన్లో టైం సూసినాను. ఒగ నిమిషం ఇరవై సెకండ్లు. ఆగింది. ఇంగోటి వస్తాదేమో అని అట్లే కూసున్న్యాను. రాలేదు. నీళ్ళు అడిగింది. నేనెవురు అంటే, శారదత్త అనింది. నిన్న రాలేదు. ఈ పొద్దూ రాలేదు.

పురుగుల్ని నేను అప్పుడు సూడలేదు. అరగంట తరవాత గుర్తొచ్చి సూసినాను. అవి మేత ఆపలేదు.

క్యాలెండర్లో అడ్డగీత పెట్టినాను. సున్నా సుట్టబోయి ఆగినాను. సున్నా అంటే లోపలికి రాలేదని గదా, ఈ తూరి వచ్చింది. అందుకని చుక్క పెట్టినాను. చుక్క అంటే ఏందో మీ డాక్టరుకు నువ్వు చెప్పు.

శారదమ్మ